మోకాలి మీద రెండు బరువులు

మోకాళ్ళ నొప్పులతో ఆసుపత్రికి వెళ్ళిన ఆడమనిషికి మన హైదరాబాద్‌లో మొదట వినిపించే మాట ఒకటే. "బరువు తగ్గాలమ్మా." ఎక్స్‌రే చూడకముందే, ఆమె కుర్చీలో సర్దుకుని కూర్చోకముందే ఆ మాట వచ్చేస్తుంది. అందులో తప్పేం లేదు. ఒంటి బరువుకీ మోకాలి అరుగుదలకీ ఉన్న సంబంధం వైద్యంలో గట్టిగా రుజువైన సంగతి. నా కోపం ఆ మాట మీద కాదు, ఆ తర్వాత రావాల్సి ఉండి రాని ప్రశ్నల మీద. ఏం పని చేస్తారు? రోజుకి ఎన్ని గంటలు నిలబడతారు? కింద కూర్చుని చేసే పని ఎంత? మెట్లు ఎక్కుతారా? ఎంత బరువు ఎత్తుతారు? మా ఇంట్లో ఇద్దరి మోకాళ్ళ కోసం చాలా చోట్లకి తిరిగాం. ఈ ప్రశ్నలు అడిగిన డాక్టర్లు బాగా తక్కువ.

మా అమ్మకి యాభై ఎనిమిదేళ్ళు. అశోక్‌నగర్‌లో కర్రీ పాయింట్ నడుపుతుంది. గ్రూప్స్ కోచింగ్‌కి వచ్చి రూముల్లో అన్నం ఒక్కటీ వండుకునే పిల్లలే ఆమె గిరాకీ. పప్పు, సాంబారు, రెండు వేపుళ్ళు, ఏదో ఒక ఇగురు, రోటి పచ్చడి, ఆదివారం చికెన్. తెల్లారకముందే కూరగాయల సంచులు వస్తాయి. తరగడమంతా నేల మీద, కత్తిపీట ముందు, ఒక మోకాలు పైకి మడిచి కూర్చుని. ఆ తర్వాత పెద్ద బర్నర్ల ముందు నిలబడటం. సాంబారు గిన్నె ఇద్దరు పట్టి దించాలి. రెండో మనిషి రాని రోజు అమ్మ ఒక్కతే దించేది. మధ్యాహ్నం మూడు దాకా కౌంటర్ దగ్గర నిలబడి ప్యాకింగ్, మళ్ళీ సాయంత్రం నుంచి రాత్రి పదిన్నర దాకా అదే. ఇల్లు షాపు పైన రెండో అంతస్తు. లిఫ్ట్ లేదు. ఆమె బరువు ఎక్కువే. ఆ సంగతి ఆమెకీ తెలుసు, మాకూ తెలుసు.

మా పెదనాన్న వేరే రకం. ఎనభైల్లో తాండూరు వైపు నుంచి వచ్చి, బండలు పరిచే మేస్త్రీ దగ్గర చేరాడు. మొదట షాబాద్ బండలు, తాండూరు బండలు. తర్వాత మొజాయిక్, మార్బుల్, చివరికి విట్రిఫైడ్ టైల్స్. ఈ ఊళ్ళో ఇళ్ళ నేల ఇన్ని సార్లు మారింది కానీ ఆయన కూర్చునే తీరు మారలేదు. గొంతుక్కూర్చోవడం, మోకాళ్ళ మీదికి వంగి రబ్బరు సుత్తితో కొట్టడం, లెవెల్ చూసుకోవడం, వెనక్కి జరగడం. జీవితంలో ఎప్పుడూ లావెక్కలేదు. యాభై దాటేసరికి రెండు కాళ్ళూ మోకాళ్ళ దగ్గర బయటికి విల్లులా వంగిపోయాయి. బరువు తగ్గమనడానికి ఆయన ఒంటి మీద ఏముంది? అందుకని ఆయనకి "వయసు పెద్దనాయనా" అని చెప్పారు.

అమ్మకేమో బరువు, ఆయనకేమో వయసు. ఇద్దరి పనీ ఎవరి లెక్కలోకీ రాలేదు. నేను ఇక్కడ వాదించదలచుకున్నది ఇదీ: చేసే పని భారం, మోసే ఒంటి భారం మోకాలి మీద విడివిడిగా కూర్చోవు. ఒకదాన్నొకటి పెంచుకుంటాయి. కాబట్టి బరువున్న మనిషిని "తగ్గి రా" అని పంపేయడం వైద్యంలో సగమే. మిగతా సగం ఆమె పని చేసే తీరు మార్చడం. ఆ సగం చాలా సార్లు ఆమె చేతిలో కన్నా, ఆమెతో పని చేయించుకునే వాళ్ళ చేతిలో ఉంటుంది.

మోకాలి లోపల ఏముందో కొంచెం చెప్పాలి. తొడ ఎముక చివరా కాలి ఎముక మొదట్లోనూ నున్నటి మృదులాస్థి పొర ఉంటుంది. మనం గుజ్జు అరిగింది అనేది దాని గురించే. ఈ పొరలో రక్తనాళాలు లేవు, నరాలు లేవు. కీలు మీద ఒత్తిడి పడినప్పుడు దానిలోని ద్రవం బయటికి పోతుంది, ఒత్తిడి తీసినప్పుడు కీలు ద్రవం మళ్ళీ లోపలికి వస్తుంది. దానికి పోషణ అందేది ఆ రాకపోకల వల్లే. అంటే మోకాలికి కదలిక కావాలి, ఒత్తిడి కూడా కావాలి, కానీ వాటి మధ్య విడుపు ఉండాలి. గంటల తరబడి మడిచి ఉంచిన మోకాలికి, గంటల తరబడి కదలకుండా నిలబడిన మోకాలికి ఆ విడుపు దొరకదు. నరాలు లేవు కాబట్టి పొర దెబ్బతినడం మొదలైన రోజుల్లో నొప్పి తెలియదు. కింది ఎముక మీద భారం పడి, చుట్టూ ఉన్న పొర వాచి, ఎముక అంచుల్లో ముళ్ళలాంటివి పెరిగాక మనిషికి తెలుస్తుంది. అప్పటికే ఏళ్ళు గడిచి ఉంటాయి. ఎక్స్‌రేలో కనిపించే దానికీ నొప్పికీ పొంతన లేకపోవడం కూడా మామూలే. ఎక్స్‌రేలో బాగా అరిగినా హాయిగా నడిచేవాళ్ళున్నారు, కొంచెమే అరిగినా మెట్టు దిగలేని వాళ్ళున్నారు.

భారం ఎంత పడుతుందంటే, బెర్లిన్‌లోని షారిటే ఆసుపత్రి పరిశోధకులు కృత్రిమ మోకాళ్ళలోనే సెన్సర్లు పెట్టి కొలిచారు. మామూలుగా నడిచేటప్పుడు ఒంటి బరువుకి సుమారు రెండున్నర రెట్లు, మెట్లు దిగేటప్పుడు దాదాపు మూడున్నర రెట్లు మోకాలి మీద పడుతోంది. 80 కిలోల మనిషి మెట్టు దిగితే ఒక్కో అడుగుకి 280 కిలోలు. చేతిలో పాతిక కిలోల సంచి ఉంటే అదీ ఒంటి బరువులోనే కలుస్తుంది.

బరువు గురించి డాక్టర్లు చెప్పేదానికి ఆధారాలు బలంగానే ఉన్నాయి, వాటిని తక్కువ చేయడం నా ఉద్దేశం కాదు. అమెరికాలోని వేక్ ఫారెస్ట్ యూనివర్సిటీలో 2005లో వచ్చిన అధ్యయనంలో, మోకాళ్ళు అరిగిన లావుపాటి వాళ్ళు ఒక కిలో తగ్గితే అడుగుకి నాలుగు కిలోల భారం తగ్గినట్టు తేలింది. 1948లో అమెరికాలోని ఫ్రామింగ్‌హామ్ పట్టణంలో మొదలై ఇప్పటికీ నడుస్తున్న అధ్యయనంలో, పదేళ్ళలో సుమారు 5 కిలోలు తగ్గిన ఆడవాళ్ళకి నొప్పితో కూడిన మోకాలి అరుగుదల వచ్చే అవకాశం సగానికి పైగా తగ్గింది. అయిదు కిలోలు! అది మొత్తం రూపం మారిపోయే సంగతేం కాదు, అందుకే ఆ అంకె నాకు ఆశ పుట్టిస్తుంది. ఇంకో విషయం. లావుపాటి వాళ్ళకి చేతి వేళ్ళ కీళ్ళు అరగడం కూడా ఎక్కువ. వేళ్ళ మీద మనం నడవం కదా. కొవ్వు ఊరికే మోసే బరువు కాదు, వాపుని పెంచే రసాయనాల్ని రక్తంలోకి వదిలే కణజాలం కూడా. పైగా మనవాళ్ళకి తక్కువ బరువులోనే కొవ్వు ఎక్కువ చేరుతుంది. అందుకే భారతీయులకి బీఎంఐ, అంటే ఎత్తుకి తగ్గ బరువు ఉందో లేదో చెప్పే అంకె, 23 దాటితే అధిక బరువు, 25 దాటితే ఊబకాయం అని లెక్క పెట్టారు. ప్రపంచమంతటా వాడే 25, 30 మనకి వర్తించవు.

ఇక పని సంగతి. అదే ఫ్రామింగ్‌హామ్ అధ్యయనంలో, మోకాళ్ళు వంచుతూ శరీర శ్రమ కూడా ఉన్న ఉద్యోగాలు చేసిన మగవాళ్ళని మిగతా వాళ్ళతో పోల్చి 1991లో లెక్క వేశారు. తర్వాతి రోజుల్లో వాళ్ళ మోకాళ్ళు అరిగే అవకాశం రెట్టింపుకి పైగా ఉంది. 71 అధ్యయనాల్ని కలిపి 2020లో చేసిన పెద్ద సమీక్షలో శ్రమ ఎక్కువున్న ఉద్యోగాల వాళ్ళకి ఆ అవకాశం 52 శాతం ఎక్కువని తేలింది. వ్యవసాయం చేసేవాళ్ళకి 64 శాతం, ఇళ్ళు కట్టేవాళ్ళకీ నేల పరిచేవాళ్ళకీ 63 శాతం. ఇంగ్లండ్‌లో 2000లో వచ్చిన అధ్యయనం నాకు వీటన్నిటి కంటే ముఖ్యమైనది. మోకాలి అరుగుదలకి ఆపరేషన్ కోసం వరసలో ఉన్న 518 మందిని, అదే ప్రాంతాల్లోని మామూలు మనుషులతో పోల్చారు. గొంతుక్కూర్చుని, మోకాళ్ళ మీద కూర్చుని ఎక్కువసేపు చేసే పని ఉన్నవాళ్ళకి ప్రమాదం దాదాపు రెట్టింపు. పనిలో తరచూ 25 కిలోలు, ఆపైన ఎత్తేవాళ్ళకి 1.7 రెట్లు.

ఆ 25 దగ్గర ఒక్క నిమిషం ఆగాలి. 2022 జూలైలో 25 కిలోల దాకా ఉండే ప్యాకెట్ బియ్యం మీద జీఎస్టీ వేశాక, మన మిల్లర్లు 26 కిలోల బస్తాలు కట్టడం మొదలుపెట్టారు. పన్ను తప్పింది, మనకి ధర కలిసొచ్చింది. ఆ బస్తాని కిరాణా కొట్టు కుర్రాడు భుజానేసుకుని మూడో అంతస్తు దాకా తెస్తాడు. రోజుకి ఎన్ని ఇళ్ళకి తెస్తాడో మనం ఎప్పుడూ అడగం. బేగంబజార్‌లో, బోయిన్‌పల్లి మార్కెట్‌లో హమాలీలు మోసే మూటల ముందు అది చిన్నదే. మగవాళ్ళు కూడా 55 కిలోలకి మించి మోయకూడదని అంతర్జాతీయ కార్మిక సంస్థ 1967లోనే సిఫారసు చేసింది. ఆ అంకె ఎవరి గుండెకి, ఎవరి నడుముకి సరిపోతుందన్నది వేరే చర్చ. మోకాలి విషయంలో 25 కిలోలు ఎత్తేవాళ్ళకే ప్రమాదం ఎక్కువగా ఉందని ఇంగ్లండ్ వాళ్ళు చూపించారు.

ఆ అధ్యయనంలోనే అసలు అంకె ఉంది. బీఎంఐ 25 లోపు ఉండి, అలా కూర్చుని చేసే పని లేని మనిషిని ఒకటి అనుకుంటే, బీఎంఐ 30 దాటి, అలా కూర్చుని పని చేసే మనిషికి ప్రమాదం, ఆడ్స్ అనే లెక్కలో, 14.7. ఇది బరువు ఒక్కదాని పనీ కాదు, పని ఒక్కదాని పనీ కాదు. రెండూ ఒకే కీలు మీద కలిసి చేసింది. మామూలుగా మనం దీన్ని ఎలా అర్థం చేసుకుంటాం? "చూశావా, లావుంటే ఎంత ప్రమాదమో" అని. నేను ఇంకోలా చదువుతాను. లావున్న మనిషి మోకాలికి గొంతుక్కూర్చునే పని సన్నటి మనిషి కంటే ఎక్కువ నష్టం చేస్తోంది కాబట్టి, ఆ పని తప్పిస్తే ఎక్కువ లాభం పొందేది కూడా ఆవిడే. బరువు తగ్గడానికి ఏడాది పడుతుంది, మళ్ళీ పెరిగే భయమూ ఉంటుంది. కూర్చుని నేల తుడిచే మనిషి చేతికి కర్ర మాపు ఇవ్వడానికి ఒక్క పూట చాలు.

ఇక్కడ పెద్దవాళ్ళు ఒక మాట అంటారు. మన తాతలు నేల మీదే కూర్చున్నారు, నేల మీదే తిన్నారు, వాళ్ళకి మోకాళ్ళ నొప్పులు ఎక్కడున్నాయి అని. ఉన్నాయి. కట్టె పట్టుకుని గోడ ఆనుకుని లేచే ముసలమ్మలు లేని ఊరు నేను చూడలేదు. అప్పుడు దానికి పేరు పెట్టలేదు, ఎక్స్‌రే తీయలేదు, అంతే. బీజింగ్‌లో అరవై దాటిన వాళ్ళని పరీక్షించిన ఒక పెద్ద అధ్యయనం ఈ వాదనకి గట్టి జవాబు. అక్కడి ఆడవాళ్ళు అమెరికా ఆడవాళ్ళ కంటే సన్నం. అయినా మోకాళ్ళ అరుగుదల వాళ్ళలోనే ఎక్కువ కనిపించింది. పాతికేళ్ళ వయసులో రోజుకి ఎన్ని గంటలు గొంతుక్కూర్చునేవారో అడిగితే, మూడు గంటలు, ఆపైన చెప్పిన వాళ్ళలో మగవాళ్ళకీ ఆడవాళ్ళకీ కూడా అరుగుదల అవకాశం రెట్టింపు, అంతకు పైన ఉంది. అన్నానికి పీట మీద కూర్చుని లేవడం వేరు. నొప్పి లేని మనిషి దాన్ని మానాల్సిన పనే లేదు. రోజుకి మూడు నాలుగు ఇళ్ళలో బండలు తుడిచి, బోళ్ళు తోమి, మళ్ళీ తన ఇంట్లో అదే పని చేసే మనిషి కూర్చోవడం వేరు.

ఇంకో మాట కూడా తరచూ వింటాను. "రోజంతా పని చేసే మనిషికి మళ్ళీ ఎక్సర్‌సైజ్ ఎందుకు?" మా అమ్మే అంటుంది ఆ మాట. కాళ్ళు పీకేదాకా నిలబడ్డ మనిషికి అది న్యాయంగానే అనిపిస్తుంది. కానీ పని చేసేది ఒకటి, వ్యాయామం చేసేది ఇంకోటి. మోకాలిని కాపాడేది తొడ ముందు కండరం. అడుగు వేసినప్పుడు దెబ్బని అది తీసుకోవాలి. ఆ కండరం బలపడాలంటే కొద్దిసేపు భారం, తర్వాత విశ్రాంతి, వారం వారం కొంచెం పెంచడం ఉండాలి. గంటల కొద్దీ నిలబడితే కండరం అలసిపోతుంది, బలపడదు. అలసిన కండరం వదిలేసిన దెబ్బంతా కీలు మీదే పడుతుంది. కేబీఆర్ పార్క్ చుట్టూ పొద్దున్నే పరుగెత్తే వాళ్ళని చూసి "మోకాళ్ళు పోతాయి" అంటుంటారు. సరదాకి పరుగెత్తేవాళ్ళకి మోకాళ్ళు ఎక్కువ అరుగుతాయన్న దానికి ఆధారం లేదు. వాళ్ళకి ఎప్పుడు ఆపాలో తెలుసు, ఆపే హక్కూ ఉంది. మోకాలు నొప్పెడితే రేపు పరుగెత్తరు. బోళ్ళు తోమే ఆమె రేపు రాకపోతే జీతం కోస్తారు.

మా అమ్మ విషయంలో ఫిజియోథెరపిస్ట్ నేర్పినవి రెండే. కుర్చీలోంచి చేతులు ఆనించకుండా నెమ్మదిగా లేచి కూర్చోవడం, పడుకుని కాలు తిన్నగా చాపి పైకెత్తి పట్టుకోవడం. మధ్యాహ్నం కౌంటర్ మూసిన తర్వాత చేస్తుంది. మొదట్లో కోపంతో చేసింది. ఇప్పుడు మెట్లు దిగేటప్పుడు తేడా ఉందని తనే చెబుతుంది.

కష్టం చేసే మనిషి లావెందుకు అవుతుందని అడిగేవాళ్ళకి మా షాపు గడియారం చూపించాలి. అందరికీ వండి పెట్టిన మనిషి తినేది మూడున్నరకి, మళ్ళీ రాత్రి పదకొండుకి. మధ్యలో చక్కెర ఎక్కువేసిన చాయ్ ఎన్ని సార్లో. మిగిలిన కూరలో నూనె. నిద్ర అయిదు గంటలు. ముట్లాగిపోయిన వయసు. నొప్పి వల్ల నడక తగ్గి, నడక తగ్గడం వల్ల బరువు పెరిగి, ఆ బరువుతో మళ్ళీ నొప్పి. బస్తీల్లో పరిస్థితి ఇంకో రకం. 2025 ఉగాది నుంచి తెలంగాణలో రేషన్ కార్డు మీద మనిషికి 6 కిలోల సన్న బియ్యం ఉచితంగా వస్తున్నాయి. చాలా మంచి పని, ఆకలి తీరుస్తోంది. అయితే కంచంలో అన్నం చవకైంది, పప్పు, గుడ్డు, కూరగాయలు చవకవలేదు. తార్నాకలో ఉన్న మన జాతీయ పోషకాహార సంస్థ 2024లో ఇచ్చిన ఆహార సూచనల్లో, రోజు మొత్తం శక్తిలో ధాన్యాల వాటా 45 శాతం దాటొద్దని చెప్పింది. నాలుగిళ్ళలో పని చేసుకుని అడ్డగుట్ట కొండెక్కి ఇంటికి చేరే మనిషి కంచం ఆ లెక్కకి ఎంత దూరంలో ఉందో చూడండి. "అన్నం తగ్గించమ్మా" అంటే దాని బదులు ఏం తినాలో, అది ఎవరు కొనివ్వాలో కూడా చెప్పాలి.

మందుల సంగతి ఎక్కువ రాయను. గుజ్జు పెరుగుతుందని అమ్మే గ్లూకోసమైన్ మాత్రలు మా ఇంట్లోనూ డబ్బాల కొద్దీ వచ్చాయి. 2006లో అమెరికాలో 1,583 మంది మీద చేసిన పెద్ద పరీక్షలో గ్లూకోసమైన్, కాండ్రాయిటిన్ మొత్తం మీద మందు లేని ఉత్తుత్తి మాత్ర కంటే మెరుగ్గా పని చేయలేదు. రోజూ మింగే నొప్పి మాత్రలు కిడ్నీలకీ కడుపుకీ బీపీకీ చేటు. డాక్టర్‌ని అడగకుండా మెడికల్ షాపులో కొని నెలల తరబడి వాడేవాళ్ళు మన చుట్టూ చాలామంది ఉన్నారు, వాళ్ళని ఆపాలి. కీలు మార్పిడి మంచి ఆపరేషనే. మార్చిన మోకాళ్ళలో 100కి సుమారు 82 పాతికేళ్ళు నిలుస్తున్నాయి. కానీ ఆ మోకాలితో మళ్ళీ రోజంతా మోకరిల్లి టైల్స్ వేయలేరు. బండలు పరిచే మనిషికి ఆపరేషన్ నడక తిరిగి ఇస్తుంది, బతుకుతెరువు ఇవ్వదు.

బయటి దేశాలు ఈ మాటని చట్టంలోకి ఎక్కించాయి. జర్మనీ 2009లో మోకాలి అరుగుదలని వృత్తి వ్యాధుల పట్టికలో చేర్చింది. షరతు ఏమిటంటే, జీవితకాలంలో మోకాళ్ళ మీద, గొంతుక్కూర్చుని చేసిన పని 13,000 గంటలు ఉండాలి, షిఫ్ట్‌కి కనీసం ఒక గంట ఉండాలి. మా పెదనాన్న లెక్క వేద్దాం. రోజుకి ఆరు గంటలు, ఏడాదికి మూడు వందల రోజులు. ఎనిమిదేళ్ళు నిండకుండానే 13,000 దాటిపోతుంది. ఆయన చేసింది ముప్పై ఏళ్ళ పైన. బ్రిటన్ కూడా 2009లో బొగ్గు గని కార్మికులకి, 2012లో కార్పెట్లు వేసేవాళ్ళకీ నేల పరిచేవాళ్ళకీ ఈ గుర్తింపు ఇచ్చింది. నేల పరిచేవాళ్ళయితే ఆ పనిలో ఇరవై ఏళ్ళు చేసి ఉండాలి. ఇరవై ఏళ్ళు నేల పరిచి మోకాలు పోయిన మనిషికి లండన్‌లో అది వృత్తి వ్యాధి, అంబర్‌పేట్‌లో వయసు.

మన దగ్గర 1923 నాటి కార్మిక పరిహార చట్టం నుంచి వస్తున్న వృత్తి వ్యాధుల పట్టికలో సిలికోసిస్ ఉంది, సీసం విషం ఉంది. మోకాలి అరుగుదల లేదు. చేర్చాలి. చేర్చినా అడ్డా మీద నిలబడే కూలీకి, ఇళ్ళలో పని చేసే ఆమెకి యజమాని ఎవరో తేల్చే కాగితమే ఉండదన్నది నాకు తెలుసు. అది చేర్చకపోవడానికి కారణం కాకూడదు. పట్టికలో పేరు ఉంటేనే ఓపీ చీటీ మీద ఏం పని చేస్తారన్న గడి పుడుతుంది. ఆ గడి నింపితేనే ఈ నగరంలో ఏ పని వాళ్ళ మోకాళ్ళు ఎంత త్వరగా పోతున్నాయో లెక్క తేలుతుంది. ఈ లెక్కలో బరువుని సాకుగా వాడకూడదని కూడా రాసి పెట్టాలి. "మీ ఒళ్ళు వల్ల వచ్చింది, పని వల్ల కాదు" అనే మాట చాలా తేలిగ్గా వస్తుంది. రెండూ కలిసి చేసిన నష్టంలో ఒకదాన్నే పట్టుకోవడం అన్యాయం.

చట్టం వచ్చేదాకా ఆగక్కర్లేనివి చాలా ఉన్నాయి. మా షాపులో కత్తిపీట తీసేశాం. నడుము ఎత్తు బల్ల మీద, ఎత్తు స్టూల్ మీద కూర్చుని కత్తితో తరుగుతుంది. అమ్మ మొదట ఒప్పుకోలేదు, కత్తిపీట మీద ఉన్న వేగం కత్తికి రాదంది. ఆ మాట నిజమే, తరిగే పని కొంచెం ఆలస్యమవుతోంది. అందుకని ఒక వేపుడు తగ్గించాం. సాంబారు ఒక పెద్ద గిన్నె బదులు రెండు చిన్న గిన్నెల్లో. కౌంటర్ వెనక స్టూల్. మధ్యాహ్నం పైకి ఎక్కకుండా షాపు వెనకే మంచం వేశాం, రోజుకి రెండు మెట్ల ప్రయాణాలు తప్పాయి. అన్నం కొంచెం తగ్గింది, పప్పూ గుడ్డూ పెరిగాయి, చాయ్‌లో చక్కెర తగ్గింది. బరువు నెమ్మదిగా దిగుతోంది. నొప్పి పోలేదు, తగ్గింది.

ఇళ్ళలో సంగతి ఇంకా సులువు. తడిగుడ్డతో కూర్చుని తుడిస్తేనే మూలలు శుభ్రమవుతాయని పట్టుబట్టే ఇళ్ళు ఇప్పటికీ ఉన్నాయి. మంచి కర్ర మాపు కొని, మూలలు వారానికి ఒకసారి చాలనుకోండి. బాల్కనీలో కింద కుళాయి దగ్గర బోళ్ళు వేయకుండా సింకులో తోమనివ్వండి. బట్టలు నానబెట్టిన బకెట్ బాత్‌రూమ్ నేల మీద కాకుండా ఒక ఎత్తు పీట మీద పెట్టండి. అపార్ట్‌మెంట్ అసోసియేషన్ల వాళ్ళకి ఒక మాట. పనివాళ్ళూ డెలివరీ పిల్లలూ లిఫ్ట్ ఎక్కొద్దని నోటీసులు అంటించిన బిల్డింగ్‌లు ఈ ఊళ్ళో ఉన్నాయి. మెట్టు దిగే ప్రతి అడుగుకీ ఒంటి బరువుకి మూడున్నర రెట్లు అన్న అంకె ఆ నోటీసు పక్కన పెట్టి చదవండి. ఆ నోటీసు ఈ రోజే తీసేయొచ్చు.

కోకాపేట, నార్సింగి వైపు కొత్త టవర్లలో ఇప్పుడు టైల్స్ వేస్తున్నవాళ్ళు చాలామంది ఇరవై, పాతిక ఏళ్ళ వాళ్ళు. వాళ్ళ మోకాళ్ళకి ఇంకా నొప్పి తెలియదు. మీ ఫ్లాట్‌లో పని జరుగుతుంటే మేస్త్రీతో మాట్లాడండి. మోకాలికి కట్టుకునే మెత్తటి ప్యాడ్లు కొనివ్వండి, టైల్స్ ఖర్చు పక్కన అది లెక్కలోకే రాదు. ప్యాడ్ వల్ల నేల రాపిడి తగ్గుతుంది కానీ మోకాలు మడిచి ఉంచడం వల్ల పడే భారం తగ్గదు. కాబట్టి మనుషుల్ని మార్చడం ముఖ్యం. పొద్దున పరిచిన మనిషి మధ్యాహ్నం నిలబడి టైల్స్ కోయాలి, కోసిన మనిషి పరచాలి. చేతి వాటం మారుతుంది, లైన్లు తేడా వస్తాయి అని మేస్త్రీ అంటాడు. అప్పుడు రెండు రోజులు గడువు ఎక్కువ ఇచ్చి, ఆ రెండు రోజుల కూలీ మీరే పెట్టుకుంటానని చెప్పండి.